గోడకు అవతలి పక్క

పరాంకుశం ధ్యానానికి కూర్చున్నప్పుడల్లా ముందు ఎండు నెత్తళ్ల చేపలు వేగుతున్న వాసన వచ్చేది. ఆ వెనకే రోకటి పోటు మొదలయ్యేది.

భీమునిపట్నంలో సముద్రం వైపు దిగే ఇరుకు సందులో ఉండేది ఆ మఠం. పేరుకే మఠం. వరసగా కట్టిన పెంకుటిళ్లలో అదీ ఒకటి. గురువు చిదంబరయ్యగారు ముందు గదిలో, శిష్యుడు పరాంకుశం వెనక గదిలో. పక్కింటికీ ఆ వెనక గదికీ మధ్య ఒకటే గోడ. రెండిళ్ల దూలాలూ దాని మీదే ఆనేవి.

పరాంకుశం ఉల్లిపాయ కూడా గడప దాటి రాని ఇంట్లో పెరిగినవాడు. చదువుకున్నవాడు, పట్టుదల ఉన్నవాడు. గోడ బీటల్లో గుడ్డపేలికలు కుక్కాడు. గడ్డి కలిపిన బంకమట్టి మెత్తాడు. గోనెసంచులు రెండు వరసలు వేలాడదీశాడు. సాంబ్రాణి వేస్తే ఆ పొగ, చేపల వాసన కలిసిపోయి గదిలో కూర్చోలేక తనే బయటికి రావలసి వచ్చింది.

చివరికి యోగదండం తీసి గోడ మీద గట్టిగా రెండు దెబ్బలు వేశాడు. అవతల చప్పుడు ఆగింది. ఆ తర్వాత అదే అలవాటయింది. రోకలి మోగితే దండం అందుకునేవాడు. అవతల సద్దుమణిగేది. కానీ ఎప్పుడు మొదలవుతుందోనని చెవి మాత్రం గోడకే అంటుకుని ఉండేది. కళ్లు మూసుకున్నా ధ్యానం కుదిరేది కాదు.

ఒక ఉదయం గురువుగారి దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. రెండిళ్లూ ఒక్కడివే, ఆ యజమాని మఠానికి భక్తుడు, స్వామివారు ఒక్క మాట అంటే పక్కింటివాళ్లను ఖాళీ చేయిస్తాడు అని నెమ్మదిగా చెప్పాడు. వాళ్లకు ఇల్లు ఇంకెక్కడైనా దొరుకుతుందని, సాధనకు భంగం కలిగితే మళ్లీ కుదరడం కష్టమని కూడా అన్నాడు.

చిదంబరయ్యగారు లేచి వెనక గదిలోకి వచ్చారు. గోనెసంచి పక్కకు తీసి, దూలాలు గోడలోకి దిగిన చోట్లు తలెత్తి చూశారు.

"వాసన వచ్చేది ఇక్కడి నుంచి. ఇటువైపు ఎంత పూసినా నిలవదు నాయనా. అటు నుంచి పూడ్చాలి. నువ్వే వెళ్లు."

పరాంకుశం సున్నం, ఇసుక కలిపి, బెల్లపు నీళ్లు పోసి మెత్తగా నూరుకున్నాడు. దాన్ని గంపకెత్తి నెత్తిన పెట్టుకుని, తాపీ పట్టుకుని పక్కింటి గుమ్మం తొక్కాడు. ఒకే గోడ పంచుకుంటున్నా ఆ గుమ్మం ఎక్కడం అదే మొదటిసారి.

ఇంట్లో నూకాలనే కోడలు, ఆమె ముసలి మామ సింహాద్రి ఉన్నారు. ఆమె మొగుడు సముద్రం మీద చేపల వేటకు వెళ్లాడు. ఆమె ఇళ్లకు కారం కొట్టి ఇస్తుంది. విషయం చెప్తే నూకాలు నిచ్చెన తెచ్చి వేసింది.

పైకెక్కి సందులు పూడుస్తూ పరాంకుశం ఇల్లంతా చూశాడు. ఉమ్మడి గోడ దగ్గర పాత పొయ్యి గుర్తు నల్లగా ఉంది. పొయ్యి మాత్రం అక్కడ లేదు. దాన్ని అవతలి మూలకు, పడుకునే చాప పక్కకు జరిపేశారు. రోటి కింద పాత వలలు మడతలు పెట్టి, వాటి మీద గోనెలు పరిచి ఉన్నాయి. నూకాలు రోకలి ఎత్తి వేస్తూంటే ఇంట్లో ఉన్నవాడికే చప్పుడు అంతంతమాత్రంగా వినిపిస్తోంది. ముసలాయన గోడవార కూర్చుని గంజి తాగుతున్నాడు. మిరపఘాటుకు దగ్గు తెర వచ్చింది.

అప్పుడు గోడ మీద దెబ్బ పడింది. వెంటనే ఇంకొకటి.

రోకలి నూకాలు చేతిలో గాలిలోనే ఆగిపోయింది. ముసలాయన తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. దగ్గు లోపలే కొట్టుకుంటూంటే భుజాలు అదిరాయి, కళ్ల వెంట నీళ్లు కారాయి. గోడ పైనుంచి మట్టి రాలింది. నూకాలు అటు చూడనైనా చూడకుండా చెయ్యి చాచి మామ గంజి మీద చిప్ప మూసింది.

నిచ్చెన మీద పరాంకుశం కదలలేదు.

"ఏటీ నేదు బాబూ," అంది నూకాలు గొంతు తగ్గించి. "సాములోరి జపం ఏళ. కూసేపు ఆగితే సరిపోద్ది." ఆ సాములోరు నిచ్చెన మీదున్న ఈయనేనని అప్పుడే గుర్తొచ్చి, తల వంచుకుంది.

ముసలాయన తువ్వాలు తీసి ఊపిరి పీల్చుకున్నాడు. చిప్ప తీసి, గంజిలో పడిన నలుసును వేలితో తీసేసుకుని మళ్లీ తాగసాగాడు.

పరాంకుశం నిచ్చెన దిగాడు. తాపీ ఎక్కడ పెట్టాడో అతనికే తెలియదు. వీధిలోంచి తిరిగి మఠంలోకి, వెనక గదిలోకి వచ్చాడు. అతని పీట మీద గురువుగారు కూర్చుని ఉన్నారు. యోగదండం ఒళ్లో ఉంది.

"గట్టిగా కొట్టానా?" అని అడిగారు.

"లేదు స్వామీ. నేను కొట్టినంతే."

పక్కింట్లో ఏ చప్పుడూ లేదు. పరాంకుశం ఎన్నాళ్లుగానో కోరుకున్న నిశ్శబ్దం అది. అతను దాన్ని వింటూ నిలబడ్డాడు.

ఇల్లు ఖాళీ చేయించే మాట అతను మళ్లీ ఎత్తలేదు. చేతులకంటిన సున్నం ఎండి తెల్లగా పెచ్చులు లేస్తోంది.

చిదంబరయ్యగారు అది చూశారు.

"అక్కడ గంపలో సున్నం గట్టిపడిపోతుంది," అన్నారు. "వెళ్లు నాయనా."