ఏడు సముద్రాలు దాటిన పేరులేని పసివాడు

ఈ కథ మీరెప్పుడూ విని ఉండరు పిల్లలూ. దగ్గరికి జరగండి, చెబుతాను.

అనగనగా ఒక రాజు. ఆయన కొడుకు జయకేతు, కోడలు కనకలేఖ. కనకలేఖ నిండు చూలాలుగా ఉన్నప్పుడు, ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడొకడు జయకేతును ఎత్తుకుపోయి రాయిగా మార్చేశాడు. తర్వాత కొడుకు పుట్టాడు. బారసాలనాడు బియ్యంలో ఉంగరంతో పేరు రాయవలసింది తండ్రి. తాతగారు రాస్తానన్నా కనకలేఖ ఒప్పుకోలేదు. పిల్లాడికి ఐదో నెల వచ్చింది, పేరు మాత్రం రాలేదు.

"నేనే వెళ్ళి ఆయన్ను తీసుకొస్తాను మామగారూ," అంది ఒకనాడు.

"పసివాణ్ణి వదిలేసా అమ్మా?"

"పాలు తాగేవాణ్ణి ఎలా వదలను?"

"మరి అంత దూరం వెంట తీసుకెళ్తావా?"

ఆ రెండు ప్రశ్నలూ ఆమె ఎన్నోసార్లు వేసుకున్నవే. పేరైనా పెట్టకుండా ప్రయాణమేమిటని అంతఃపురంలో సణిగారు కూడా. అయినా పొత్తిగుడ్డలు, వసకొమ్ము, గుప్పెడు బియ్యం మూటగట్టి, బిడ్డను గుండెకు కట్టుకుని బయలుదేరింది.

మొదటి రెండు సముద్రాలూ తాబేలు దాటించింది. దాని వీపు మీద కనకలేఖ పొత్తిగుడ్డలు ఆరేసింది.

"నీ బిడ్డ పేరేమిటి తల్లీ?" అంది తాబేలు.

"వాళ్ళ నాన్న రాయాలి."

తర్వాతి రెండూ తిమింగలం దాటించింది. అలల ఊపుకి బిడ్డ పాలు కక్కాడు. 'ఎంత పని చేశాను, ఇంత పసివాణ్ణి తెచ్చి' అని కనకలేఖ తనను తానే తిట్టుకుంది. తిమింగలం అది చూసి నెమ్మదిగా ఈదింది.

"పేరేమిటి తల్లీ?"

"వాళ్ళ నాన్న రాయాలి."

చివరి మూడూ గండభేరుండ పక్షి దాటించింది. ఆ ఎత్తున చలిగాలి. కనకలేఖ బిడ్డ చెవుల్లో దూది పెట్టింది. వాడు ఆమె జుట్టు పిడికిట పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

"పేరేమిటి తల్లీ?"

"వాళ్ళ నాన్న రాయాలి."

"అయితే నీ పేరు జాగ్రత్త," అంది పక్షి. "మాంత్రికుడి ప్రాణం అతని చిలుకలో ఉంది. దానికి లోకంలో అందరి పేర్లూ తెలుసు. అది చెబుతుంది, అతను పిలుస్తాడు. పలికావా, రాయివే."

దీవి నిండా రాతి మనుషులు. వాళ్ళ మధ్య జయకేతు కనిపించాడు. కనకలేఖ అతని చెంప తాకింది. చల్లగా ఉంది.

"కనకలేఖా," అని వెనకనుంచి పిలుపు. అచ్చం జయకేతు గొంతే. ఎన్నాళ్ళకో విన్న గొంతు. "ఆఁ" అనేసింది.

పాదాలు రాయయ్యాయి. మోకాళ్ళు రాయయ్యాయి. నడుము రాయయింది. ఆమెకు ఒక్కటే బెంగ: చేతులు కూడా రాయైపోతే బిడ్డను ఎవరు ఎత్తుకుంటారు?

మాంత్రికుడు ముందుకు వచ్చాడు. "ఈ పిల్లాడి పేరేమిటే?" అని చిలుకనడిగాడు.

"తెలీదు."

"సరిగ్గా చూసి చెప్పు."

చిలుక ఎగిరొచ్చి కనకలేఖ మోచేతి మీద వాలింది. బిడ్డ మొహంలో మొహం పెట్టి, "నీ పేరేంటి నాయనా?" అంది. బిడ్డ బోసినోటితో నవ్వి దాని మెడ పట్టుకున్నాడు.

మాంత్రికుడికి ఊపిరాడలేదు. "వదలమను," అన్నాడు గొంతు పట్టుకుని.

"నా జుట్టే వదలడు, చిలుకను వదులుతాడా? ముందు అందరినీ మనుషుల్ని చెయ్యి."

రాళ్ళన్నీ కదిలాయి. కనకలేఖ నడుము, కాళ్ళు వెచ్చబడ్డాయి. బిడ్డను పొదువుకుని పాలిచ్చింది. కాసేపటికి ఆ చిన్న పిడికిలి దానంతటదే విడింది. చిలుక అడవిలోకి ఎగిరిపోయింది. పేర్లు చెప్పేవాళ్ళు లేక మాంత్రికుడు ఉత్త ముసలివాడై మిగిలాడు.

"వీడి పేరు?" అన్నాడు జయకేతు.

కనకలేఖ మూట విప్పి, గుప్పెడు బియ్యం బండ మీద పోసింది. అతను ఉంగరం తీసి రాశాడు.

తిరుగుదారిలో పక్షి అడిగింది, తిమింగలం అడిగింది, తాబేలు అడిగింది. ముగ్గురికీ ఆమె ఆ పేరు చెప్పింది. ఇల్లు చేరి, ఇద్దరూ చాలా ఏళ్ళు చల్లగా రాజ్యమేలారు.

ఇంతకీ ఆ పేరేమిటంటారా? ఈ కథ మీరు ఇంకొకరికి చెప్పండి. అక్కడికి వచ్చేసరికి, ఒళ్ళో ఉన్న బిడ్డ పేరు పెట్టి చెప్పండి.