ఓడచెట్ల కొండకింద చీపుర్ల గురివి

అనగనగా అని నేనంటాను, మీరు ఊఁ అనండి తల్లీ. ఊఁ కొట్టేవాళ్లుంటేనే కథకు కాళ్లొస్తాయి.

అనగనగా ఒక పట్నం. పట్నాన్ని ఆనుకుని ఒక బోడికొండ. కొండమీద కొండలమ్మ, మనందరినీ కాచే చల్లని తల్లి. ఆ తల్లికి పూజారి ఓబన్న. ఆ కొండగడ్డి కోసి, చీపుర్లు కట్టి, వీధి వీధి తిరిగి అమ్ముకునేది గురివి. వెనకా ముందూ ఎవరూ లేని మనిషి.

ఆ పట్నపు రాజుకు బోడికొండ నచ్చలేదు. సముద్రం అవతలినుంచి ఓడలో విత్తనాలు తెప్పించి చల్లించాడు. చెట్లు ఏపుగా లేచాయి. ఓడలో వచ్చాయి కనుక ఓడచెట్లన్నారు. ఆకు నలిపితే కర్పూరం వాసన.

ఒకనాడు హారతికి కర్పూరం లేక, ఓబన్న ఆ ఆకునే పళ్లెంలో వెలిగించాడు. భగ్గున మండింది. జనం కళ్లకద్దుకున్నారు. ఓబన్న మురిసిపోయాడు. ఇది అమ్మవారు తెప్పించుకున్న చెట్టు, దీనిమీద గొడ్డలి పడకూడదు అన్నాడు. మొదటి చెట్టుకు తన చేత్తోనే పసుపుదారం కట్టాడు.

అమ్మ చెప్పిందా? అమ్మ చెప్పలేదు నాయనా. ఓబన్న చెప్పాడు.

కొండ తిరిగే మనిషికి కొండ సంగతి తెలుస్తుంది. ఆ ఆకు రాలితే కుళ్లదు. మేక ముట్టదు, చెదలు ముట్టవు. మోకాలిలోతు పేరుకుంది. చెట్లేమో ఏటేటా కిందికి దిగి ఇళ్ల చూర్లదాకా వచ్చాయి.

మొదటి ఏడు గురివి గుడికొచ్చి, ఇళ్లపక్క చెట్లయినా కొట్టించమని అడిగింది. మెట్లమీది జనం నవ్వారు. చెట్లకింద నీ గడ్డి చచ్చిపోయిందని ఏడుపు కదా అన్నారు. ఓబన్నా నవ్వాడు.

రెండో ఏడు ఒడినిండా ఎండాకు తెచ్చి చూపించింది. పూజవేళ అపశకునం మాటలేమిటని ఓబన్న కసిరాడు.

మూడో ఏడు హారతి వెలుగుతుండగా వచ్చింది. మెల్లగా అడిగింది.

"సామీ, గుప్పెడు ఆకు పళ్లెంలో ఇంత మండుతుంటే, కొండనిండా ఉన్న ఆకు ఎంత మండాలి?"

ఓబన్న పళ్లెంలో మంటవైపు చూశాడు. నిజమేనని తెలిసింది. కానీ మెట్లనిండా జనం. అంతమందిలో తన మాట తనే ఎలా మింగుతాడు?

"అమ్మ చెట్టును అంటే అమ్మను అన్నట్టే. ఇకమీద ఈ మెట్లెక్కకు" అన్నాడు.

గురివి దణ్ణం పెట్టి దిగిపోయింది.

ఆ మర్నాటినుంచి కొండకూ, కొండ అంచునే ఉన్న కుమ్మరివీధికీ మధ్య ఊడవడం మొదలుపెట్టింది. గొడ్డలి పడకూడదన్నారు, చీపురు పడకూడదనలేదు. రాలిన ఆకు ఊడ్చేది. మొలిచిన పిలకలు వేళ్లతో సహా పీకేది. ఊడ్చేది, పీకేది, మళ్లీ ఊడ్చేది.

"ఏమే గురివీ, కొండకు పెళ్లి చేస్తున్నావా?" అనేవాళ్లు కుమ్మరి ఆడవాళ్లు.

"అవునక్కా. మీరంతా పెళ్లివారే, నేనొక్కదాన్నే పనిమనిషిని" అనేది.

వైశాఖమాసం, మిట్టమధ్యాహ్నం, పడమటిగాలి. నిప్పెక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదు. కాపరి చుట్ట అన్నారు, పిడుగన్నారు. ఓడచెట్లు నూనె కాగడాల్లా మండాయి. మండే బెరడు ఎగిరి కప్పులమీద పడింది. మూడు వీధులు బుగ్గయ్యాయి.

కుమ్మరివీధి దగ్గర మంటకు తినడానికి ఆకు దొరకలేదు. ఎగిరిపడే నిప్పురవ్వల్ని గురివి తడిపిన చీపురుతో కొడుతూనే ఉంది. పిల్లాజెల్లా ఏటి ఒడ్డుకు చేరేదాకా కొట్టింది. వీధి మిగిలింది. గురివి మిగల్లేదు. పొగ మింగేసింది.

ఓబన్న కొండదిగి వచ్చాడు. ఆ మనిషిని తన భుజాన మోశాడు. తలకొరివి తనే పెట్టాడు. ఆ తరువాత గొడ్డలి అడిగి తీసుకుని, తాను పసుపుదారం కట్టిన చెట్టు మోడుమీద మొదటి దెబ్బ వేశాడు. రెండో దెబ్బకు మసిబెరడు రాలింది. మూడో దెబ్బకు కూలబడి ఏడ్చాడు.

"అమ్మా, నా మాట నీ నోట పెట్టాను" అన్నాడు.

ఓడచెట్టు మొండిది. కాలినా చిగురిస్తుంది, నరికినా చిగురిస్తుంది. అందుకే నేటికీ ఆ పట్నంలో తొలకరి పడగానే ఇంటికొకరు కొండెక్కుతారు. తలా మూడు పిలకలు పీకాకే ముద్ద నోట పెడతారు.

జాతరనాడు ఇంకొక ఆచారం ఉంది. డప్పు మోగకముందు పూజారి మెట్లన్నీ దిగివస్తాడు.

"కొండమీద ఎవరైనా ఏమైనా చూశారా? చెప్పండి, వింటాం" అంటాడు. కాపరులు చెబుతారు. మళ్లీ అడుగుతాడు. కట్టెలవాళ్లు, గడ్డికోసేవాళ్లు చెబుతారు. మూడోసారి అడుగుతాడు. అప్పుడు మాత్రం ఎవరూ నోరు విప్పరు.

ఓబన్న బతికినన్నాళ్లూ మూడోసారి అడిగి, కుమ్మరివీధి దారివైపు చూస్తూ నిలబడేవాడట. ఇప్పటి పూజారీ అటే చూస్తాడు. జనమూ అటే చూస్తారు. ఆ దారిన ఎవరూ రారు.

కాసేపాగి, డప్పు మోగిస్తారు.