రెల్లుదుబ్బు దాకా

తెల్లవాగుకు ఇవతల అడవి, అవతల పచ్చిక బయలు. ఎండలు ముదిరేసరికి ఇవతల మేత మాడిపోతుంది. అప్పుడిక ఏనుగైనా, దున్నైనా, దుప్పైనా వాగు దాటాల్సిందే. పోయినేడు వరదకు పాత రేవు పాడైపోయింది. ఇసుక ఎక్కడిది ఎక్కడికి జరిగిందో ఎవరూ చూసుకోలేదు. ఎప్పటిలాగే దిగారు. ముందు నడిచిన దుప్పులు ఊబిలో కూరుకుపోయాయి. వాటిలో చెన్ని అనే దుప్పిపిల్ల వాళ్లమ్మ ఉంది. వెనకే వస్తున్న చెన్నిని వాళ్ల పిన్ని తలతో నెట్టి గట్టెక్కించింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ పిల్ల కూడా దక్కేది కాదు. మిగిలినవన్నీ వెనక్కి తిరిగి ఆ వేసవంతా ఎండుటాకులు నమిలి బతికాయి. కొన్ని బతకలేదు.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. ఈడొచ్చిన ప్రతి పిల్లా పెద్దల సభలో నిలబడి ఒక సొంతమాట చెప్పాలి. అంటే ఎవరో చెప్పగా విన్నది కాదు, తాను తిరిగి, చూసి, తేల్చుకున్న సంగతి. అది ఒప్పుకుంటేనే పెద్దల్లో కలుపుకుంటారు. డిగ్రీ ఆఖరి ఏడాదిలో మీరు ప్రాజెక్టు రిపోర్టు అంటారే, అదే అనుకోండి. ఆ పేరు వినగానే మీరు మొహం ఎలా పెడతారో నాకు తెలుసు. అక్కడి పిల్లలూ అలాగే పెట్టేవి. కాకపోతే అక్కడ ఇంకో షరతు ఉండేది. దారి గురించి మాట చెప్పినవాళ్లే ముందు ఆ దారిన నడవాలి. మంద వాళ్ల వెనక నడుస్తుంది.

చెన్నికి నేర్పే పెద్ద పేరు మల్లప్ప. అడవిదున్న. ముసలివాడు, ముక్కోపి, ఒక మాట అడిగితే నాలుగు ఎదురు ప్రశ్నలు వేసే రకం.

"తాతా, నా సొంతమాట తెల్లవాగు మీద," అంది చెన్ని. "అది ఎక్కడ పుట్టింది, ఎక్కడికి పోతుంది, ఎన్ని వంపులున్నాయి, వరద ఎందుకొస్తుంది, అన్నీ చెబుతాను."

"అన్నీ చెప్పేసరికి నాకంటే ముసలిదానివవుతావు. అవన్నీ పక్కన పెట్టు. నీకు నిజంగా ఏం తెలుసుకోవాలనుంది?"

చెన్ని తల దించుకుంది.

"మా అమ్మ ఎక్కడ కాలు పెట్టి ఉంటే బతికేదో, అది."

మల్లప్ప నెమరు వేయడం ఆపేశాడు. "అదొక్కటే చూడు తల్లీ. మిగతా వాగుతో నీకు పనిలేదు."

ఆ మర్నాటి నుంచి చెన్ని రోజూ పొద్దున్నే మద్దిచెట్టు వంపు దగ్గర వాగులోకి దిగేది. ముందుకాలు మెల్లగా మోపి, కాస్త బరువు వేసి చూసేది. దిగితే వెనక్కి లాక్కునేది, నిలిస్తే ఇంకో అడుగు వేసేది. మోకాళ్ల దాకా కూరుకుని పైప్రాణాలు పైనే పోయిన రోజులున్నాయి. అమ్మ మునిగిన చోటు వైపు చూడకుండా ఉండటానికి మాత్రం ఆ పిల్ల చాలా కష్టపడింది.

ఆ ఏడు సొంతమాట చెప్పాల్సినవాళ్లలో నక్కపిల్లాడు జంబులు ఉన్నాడు. తెలివిగలవాడే. వినసొంపుగా మాట్లాడతాడు, ఎవరినైనా ఇట్టే బుట్టలో వేసుకుంటాడు. కానుగచెట్టు నీడ వదిలి రావడమే వాడికి చేతకాదు.

"ఏమే చెన్నీ, రోజూ ఆ బురదలో ఏం వెతుకుతున్నావు?"

"రేవు."

"దానికింత అవస్థ ఎందుకు? ఉడుమును అడుగు, కొంగను అడుగు. వాళ్లు చెప్పింది అటూ ఇటూ అతికించి నీ గొంతుతో చెప్పెయ్. సభలో ముసలాళ్లు సగం నిద్రలో ఉంటారు. వాళ్లకేం తెలుస్తుంది?"

"నీది అయిందా?"

"అవుతుందిలే. ఇంకా బోలెడంత టైముంది."

బోలెడంత టైముందన్న పిల్లల్ని నా సర్వీసులో చాలామందిని చూశాను. ఆ గొడవ ఇప్పుడెందుకు, వదిలేయండి.

జంబులు మాట చెన్ని పూర్తిగా కొట్టిపారెయ్యలేదు. వెళ్లి ఉడుమును అడిగింది. విన్నాక ఇంకా తికమక పడి మల్లప్ప దగ్గరికొచ్చింది.

"తాతా, నల్లబండకు ఎడమపక్క గట్టినేల ఉందని ఉడుము అంటున్నాడు. నేను చూస్తే అక్కడ కాలు దిగిపోతోంది. ఆయన పెద్దవాడు కదా, నేనే సరిగ్గా చూడలేదేమో."

"ఉడుము అక్కడ ఎప్పుడు నడిచాడు?"

"అడగలేదు."

"అడిగి రా, పో."

అడిగొచ్చింది. వరద రాకముందు నడిచాడట.

"ఉడుము అబద్ధం చెప్పలేదు," అన్నాడు మల్లప్ప. "అతను చూసిన వాగు ఇప్పుడు లేదు, అంతే. ఎవరేం చెప్పినా విను. చెప్పిందెవరో, ఎప్పుడు చూశారో, ఎలా చూశారో కూడా గుర్తుంచుకో. నువ్వు చూసిందీ నువ్వు విన్నదీ కలగాపులగం చెయ్యకు. చేశావా, తర్వాత నువ్వే విడదీసుకోలేవు."

వేసవి ముదిరేసరికి చెన్ని మాట ఒక కొలిక్కి వచ్చింది. సభకు ముందురోజు మల్లప్ప ఎదుట నిలబడి ఒప్పజెప్పింది.

"మద్దిచెట్టు దగ్గర దిగాలి. నల్లబండ దాకా తిన్నగా నడవాలి. బండకు కుడిపక్క నుంచి పోతే వాగు నడుమ లంకలాంటి పెద్ద రెల్లుదుబ్బు వస్తుంది. అక్కడిదాకా నేల గట్టిది, అడుగున రాయి తగులుతుంది. బరువు వేసి చూశాను, ఎన్నోసార్లు నడిచాను." అక్కడ గొంతు తగ్గించింది. "రెల్లుదుబ్బు అవతల ఒక పాయ ఇన్నాళ్లూ ఉరవడిగా పారింది, ఇప్పుడిప్పుడే తగ్గుతోంది. అది దాటి అవతలి ఇసుక మీదికి పోలేకపోయాను. ఆ ఇసుక గట్టిగా ఉందని తీతువుపిట్ట చెప్పింది. కానీ తీతువు నా చెవంత బరువు కూడా ఉండదు. కాబట్టి ఆ భాగం సంగతి నాకు తెలియదు."

"ఎందుకు గొణుగుతున్నావు?"

"సిగ్గుగా ఉంది తాతా. ఇన్నాళ్లు తిరిగి సగం దారే చూసిందా అంటారు. ఆ చివరి ముక్క తీసేయనా?"

"తీసేస్తే ఏమొస్తుంది?"

"మాట నిండుగా ఉంటుంది."

"నిండుగా ఉండి ఎవరికి లాభం? తీసేశావంటే నా కంటికి కనబడకు," అని కసిరాడు మల్లప్ప. తర్వాత గొంతు మార్చి, "ఆ ముక్క కోసమే నువ్వు ఇంత తిరిగింది. అది గట్టిగా చెప్పు," అన్నాడు.

పక్కన పొదలో జంబులు చెవులు రిక్కించుకుని కూర్చున్నాడని వాళ్లిద్దరికీ తెలియదు.

సభకు నేర్పినవాళ్లు రాకూడదని నియమం. పిల్లలు ఒంటరిగా నిలబడాలి. అందుకని మల్లప్ప రాలేదు. ఏనుగు ఓబులమ్మ సభకు పెద్దగా కూర్చుంది. పిన్ని తన పసిబిడ్డను వెంటబెట్టుకుని దుప్పుల ముందువరసలో నిలబడింది.

"ముందు ఎవరు చెబుతారు?" అంది ఓబులమ్మ.

"నేను పెద్దమ్మా," అని జంబులు చటుక్కున ముందుకొచ్చాడు. "నా సొంతమాట, తెల్లవాగు మీద కొత్త రేవు."

చెన్ని ఉలిక్కిపడి తలెత్తింది.

మద్దిచెట్టు వచ్చింది. నల్లబండ వచ్చింది. కుడిపక్క వచ్చింది. అన్నీ తన మాటలే, తన గొంతు కంటే ఎంతో అందమైన గొంతులో. రెల్లుదుబ్బు దాకా వచ్చాక జంబులు ఎక్కడా తడబడలేదు. "అక్కడి నుంచి అవతలి గట్టు దాకా బండలాంటి నేల. కళ్లు మూసుకుని నడవచ్చు," అని ముగించాడు. సభంతా కదిలిపోయింది. పోయినేడు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు కళ్లు తుడుచుకున్నారు.

చెన్ని నోరు తెరవబోయింది. ఏమని తెరుస్తుంది? తాత సభలో లేడు, అది నాది అంటే ఎవరు నమ్ముతారు? ఇప్పుడు లేచి అవే మాటలు చెబితే దొంగ ఎవరవుతారు? ఇన్ని పొద్దులు పడ్డ పాటు ఒక్క పూటలో పరాయిదైపోయిందన్న దుఃఖం తప్ప ఆ పిల్లకు ఇంకేమీ తెలియలేదు. తన మాట పోయిందని ఏడ్చిందే గానీ, అందులో ఏ ముక్క లేకుండా పోయిందో గమనించుకోలేదు.

"మంచి మాట చెప్పావు నాయనా," అంది ఓబులమ్మ. "మేత అయిపోయింది. ఇవాళే దిగుదాం. ముందు నువ్వు నడువు."

జంబులు జంకలేదు. చెన్ని రోజూ నడవడం వాడు చూశాడు. చివర్లో ఆమె గొణిగిన మాటలు వట్టి పిరికితనమని వాడి లెక్క. తోక ఎత్తుకుని దిగాడు. వెనక దుప్పులు, వాటి వెనక పెద్ద కొమ్ముల కణుజులు, దున్నలు, పక్కగా ఓబులమ్మ. చెన్ని తల వేలాడేసుకుని పిన్ని వెనక నడిచింది.

మద్దిచెట్టు నుంచి నల్లబండ దాకా ఎవరి కాలూ దిగలేదు. బండకు కుడిపక్క నుంచి రెల్లుదుబ్బు చేరారు. ఎండకు పాయ తగ్గి, అవతల ఇసుక తెల్లగా మెరుస్తోంది. జంబులు ఆగకుండా పాయలో కాలు పెట్టాడు. వాడి వెనకే పిన్ని, ఆమె పొట్ట కింద పసిబిడ్డ.

అప్పుడు తట్టింది చెన్నికి. జంబులు ఆగలేదేం? అక్కడ ఆగాలి కదా. అక్కడితో తన మాట అయిపోయింది కదా.

"పిన్నీ, కదలకు," అని అరిచింది.

మంద నిలిచిపోయింది. అందరూ చెన్ని వైపు తిరిగారు.

"అక్కడి నుంచి నాకు తెలియదు. ఎవరూ నడవలేదు. తీతువు చెప్పిన మాట అది, దానికి బరువు లేదు. జంబులూ, వెనక్కి రా."

ఆ ఒక్క మాటతో సంగతి అందరికీ అర్థమైపోయింది. ఈ మాట ఎవరిదో, ఎవరి నోట విన్నారో తెలిసిపోయింది. జంబులుకు తల కొట్టేసినట్టయింది. వెనక్కి వచ్చుంటే పోయేది పరువే. పిల్లకాయ, పరువు పోతే మళ్లీ తెచ్చుకునేవాడు. కానీ వాడికి ఆ క్షణాన అది తోచలేదు.

"నువ్వు నడవలేదేమో, నేను నడిచాను," అన్నాడు. అని ముందుకే పోయాడు.

పిన్ని ఒక కాలు గాల్లోనే ఉంచి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఒకడు బండలాంటి నేల అంటున్నాడు. ఒకతె నాకు తెలియదంటోంది. ఆ కాలు వెనక్కి తీసి రెల్లు మీద పెట్టింది. బిడ్డను ముట్టెతో లోపలికి జరిపింది.

పాయ దాటి తెల్లటి ఇసుక మీద జంబులు నాలుగడుగులు బాగానే వేశాడు. ఆ తర్వాత వెనకకాళ్లు దిగాయి. లాక్కోబోతే ముందుకాళ్లు దిగాయి. కొట్టుకునేకొద్దీ పొట్ట దాకా పోయాడు. ఆ తియ్యటి గొంతు కీచుమంది. చూసిన దుప్పులన్నీ మొహాలు తిప్పుకున్నాయి, చూడలేక.

ఓబులమ్మ తొండం చాచింది, అందలేదు. అప్పుడు వరదకు కొట్టుకొచ్చిన వెదురుగడ ఒకటి రెల్లులోంచి పెరికి వాడి ముందుకు తోసింది. జంబులు పళ్లతో కరచుకున్నాడు. లాగి లాగి రెల్లుదుబ్బు మీద పడేసింది. వాడు చాలాసేపు బురద కక్కుతూ, వణుకుతూ పడి ఉన్నాడు.

"దొంగతనం సంగతి తర్వాత మాట్లాడదాం," అంది ఓబులమ్మ. "అంతా ఎత్తుకున్నావు, ఆ ఒక్క ముక్క ఎందుకు వదిలేశావు?"

"తెలియదని చెబితే మాట పలచనవుతుందనుకున్నాను పెద్దమ్మా."

"నీ వెనక ఎవరున్నారో చూశావా?"

జంబులు తలెత్తాడు. పసిబిడ్డ తల్లి పొట్ట కింద పాలు తాగుతోంది. చూసి తల దించుకున్నాడు, మళ్లీ ఎత్తలేదు.

"ఈ ఏడు నిన్ను పెద్దల్లో కలుపుకోం," అంది ఓబులమ్మ. "వచ్చే ఏడు రా. చిన్న సంగతైనా సరే, నీ కాళ్లతో నడిచింది పట్టుకుని రా."

తర్వాత చెన్నిని పిలిచింది. చెన్ని ఆ రెల్లుదుబ్బు మీదే నిలబడి తన సొంతమాట మొదటి నుంచి చెప్పింది. చివరి ముక్క దగ్గర ఈసారి గొంతు తగ్గలేదు. ఆ దుబ్బు చుట్టూ పెరిగిన పచ్చి తుంగ మేస్తూ మంద అక్కడే ఆగింది. చెన్ని, ఇంకొందరు ఈడుపిల్లలు పొద్దునపూట పాయ అవతల నేల చూడటం మొదలుపెట్టారు. తుంగ అయిపోకముందే మిగతా దారి దొరికింది. పసిబిడ్డతో సహా అందరూ పచ్చిక బయలు చేరారు.

తన తెలివి ఎక్కడ ఆగిపోయిందో దాచకుండా చెప్పినవాళ్ల మాట మీదే పదిమంది ధైర్యంగా కాలు మోపగలరు.