చెయ్యందని చోటు

నల్లమలలో ఘాట్ రోడ్డు ఒకచోట పెద్ద వంపు తిరుగుతుంది. ఎక్కి ఎక్కి వేడెక్కిన ఇంజన్లు చల్లారడానికి లారీలవాళ్లు అక్కడ బండ్లు ఆపుకుంటారు, అన్నాలు తింటారు, మిగిలింది విసిరేసి పోతారు. ఆ వంపు పక్కనే చింతతోపు. తోపు నడుమ బల్లపరుపుగా ఒక రాతిబండ. ఆ బండ మీద ఎవరు కూర్చుంటే వాళ్లే ఆ తోపు కోతులకు పెద్ద. చాలా ఏళ్లుగా అక్కడ కూర్చుంటున్నవాడు గండప్ప.

ప్రతి పొద్దునా బండ మీద దర్బారు జరిగేది. దర్బారంటే మరేం లేదు, పేలు చూడటం. కోతులకు ఓట్లు లేవు, ఊరేగింపులు లేవు. ఎవరు ఎవరి ఒంట్లో పేలు చూస్తారన్నదే వాళ్ల రాజకీయమంతా. పెద్దాయన తోక దగ్గర చోటు దొరికితే మామూలు కార్యకర్త. చెవి దగ్గర దొరికితే కాస్త పలుకుబడి ఉన్నట్టు. రెండు భుజాల మధ్య, ఎవరి చెయ్యి వాళ్లకు అందని ఆ చోటు మాత్రం ఒక్కరికే. అక్కడ వేళ్లు పెట్టినవాడు పెద్దాయనకు కుడిభుజం. ఆ చోటు జంగడిది. జంగడు వయసులో ఉన్నవాడు, మాట మెత్తన, చూపు చురుకు.

ఒకనాడు దర్బారు మధ్యలో వీపు మీద వేళ్లు ఆగిపోయాయి.

"ఏరా జంగా, నిద్రపోతన్నావా?"

"లేదు మామా, చూస్తన్నా."

వేళ్లు మళ్లీ కదిలాయి. అయితే మనసు ఎక్కడో పెట్టి కదిపే వేళ్లు ఎలా ఉంటాయో వీపుకు తెలిసిపోతుంది. గండప్ప చటుక్కున తల తిప్పాడు. జంగడు అతని వీపును చూడటం లేదు. అతని కింద ఉన్న బండను చూస్తున్నాడు, వెడల్పు ఎంతుందో కొలుస్తున్నట్టు.

గండప్ప మిగతావాళ్ల వైపు చూశాడు. చెవి దగ్గరున్న బసివి ఆవులిస్తోంది. తోక దగ్గరివాడు రోడ్డు మీద లారీ ఏమైనా ఆగిందా అని మెడ సాచి చూస్తున్నాడు. ఒంటి నిండా చేతులున్నాయి, ఒక్క చేతి వెనకా మనిషి లేడు, అంటే కోతి లేదు. ఇంతమంది మధ్య కూర్చుని తాను ఒక్కడినేనని గండప్పకు మొదటిసారి తోచింది. ఒకసారి తోచాక అది పోలేదు.

ఆ రోజు ఎవరికీ చెప్పకుండా తోపు అంచుకు నడిచాడు. అంచున ఒక ముసలి చింతచెట్టు ఉంది. దాని మొదట్లో ఒకచోట బెరడు అరిగిపోయి నున్నగా మెరుస్తోంది. అడవిపందులు ఒళ్లు రుద్దుకుని ఉంటాయి అనుకున్నాడు. ఆ చెట్టు కిందే ఒంటికన్ను పోలమ్మ కూర్చుని రాలిన చింతపండు చీకుతోంది. పోలమ్మ దర్బారుకు వచ్చి ఎన్నాళ్లయిందో గండప్పకు గుర్తు లేదు. కన్ను పోయాక పేలు సరిగా కనిపించవని ఎవరో ఆమెను పక్కకు పంపేశారు. ఆ ఎవరో తానేనన్నది కూడా గుర్తు లేదు.

"ఏం పెద్దాయనా, ఇట్టా వచ్చావు?" అంది పోలమ్మ.

"ఊరికే," అని ఆగకుండా పోయాడు.

అతను పోయింది నక్క దగ్గరికి. నక్క ఆ వాలులో బొరియ చేసుకుని, అందరికీ సలహాలు ఇస్తూ బతుకుతోంది. గండప్ప అంతా చెప్పుకున్నాడు. నక్క కళ్లు మూసుకుని విన్నది.

"దీనికింత దిగులా? రాజీనామా చేస్తన్నావని ఒక మాట వదులు."

"రాజీనామా చెయ్యాలా?"

"చెయ్యమన్లేదు పెద్దాయనా, వదలమన్నా. చెయ్యడం వేరు, వదలడం వేరు. నువ్వు నోరు విప్పవాకు. కాకి చెవిన నేనేస్తా. తెల్లారేసరికి తోపంతా వచ్చి నీ కాళ్లావేళ్లా పడుద్ది. నువ్వు పోతే మాకు దిక్కెవరని ఆడోళ్లు గుండెలు బాదుకుంటారు. కుర్రోళ్లు కొమ్మ మీంచి దూకుతామంటారు. నువ్వు కాసేపు బెట్టు చెయ్యి. ఆనక, 'సరే, మీకోసం ఉంటా' అను. ఎవుడు ఏడిచాడో ఎవుడు ఏడవలేదో అక్కడే తేలిపోద్ది."

"ఎవరూ ఏడవకపోతేనో?"

నక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "ఎవరికోసం ఏడవకపోతే, నీకోసమా? గండప్పకోసమా?"

ఆ నవ్వుతో గండప్ప కడుపు నిండిపోయింది. అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదన్న సంగతి గమనించనే లేదు. ఛాతీ విరుచుకుని వెనక్కి నడిచాడు.

నక్క అటునుంచి అటే జంగడి దగ్గరికి పోయిందని గండప్పకు తెలీదు. మీకైతే నేను దాచను. "పెద్దాయన రేపు దిగిపోతానంటాడు. అడ్డం చెప్పవాకు. 'నిజమే మామా, అలిసిపోయావు' అను, చాలు," అని నక్క జంగడికి నూరిపోసింది. బదులుగా లారీలవాళ్లు పారేసే కోడిబొమికల కుప్ప దగ్గర్నుంచి ఏ కోతీ తనను తరమకుండా చూడాలని మాట తీసుకుంది.

కాకి రోడ్డు పక్క మైలురాయి మీద వాలి మొదలుపెట్టింది.

"విన్నారా? పెద్దాయన దిగిపోతన్నాడు!"

"ఎవరు చెప్పారు?" అని కింద ఒక కోతి.

"బాగా దగ్గరోళ్లు. పేరు బయటపెట్టొద్దన్నారు."

"ఎందుకు దిగుతన్నాడంట?"

"ఒంట్లో బాగాలేదని కొందరు, లోపల లుకలుకలని కొందరు. రెండూ ఉన్నాయని నా అంచనా."

సాయంత్రానికల్లా గండప్పకు రెండు కాళ్లూ పడిపోయాయని, బండ కింద ఏదో దాచాడని కూడా చెప్పుకున్నారు. ఇవన్నీ వింటూ కొమ్మచాటున కూర్చున్న గండప్ప లోలోపల మురిసిపోయాడు. తన గురించి తోపు ఇంతగా మాట్లాడుకుని చాలా కాలమైంది.

తెల్లవారింది. గండప్ప ఒళ్లు దులుపుకుని బండెక్కి కూర్చున్నాడు. మొహాన దిగులు పులుముకున్నాడు. చెప్పాల్సిన మాటలు రాత్రంతా వల్లె వేసుకున్నవే: మీ కన్నీళ్లు చూడలేకపోతున్నాను, మీకంటే నాకెవరున్నారు, సరే, ఉంటాను.

ఎవరూ రాలేదు.

ఎండ బండ మీదికి పాకింది. రాయి వేడెక్కింది. జంగడుండే చెట్టు మీద మాత్రం ఒకటే సందడి. ఏడుపులేమో అని గండప్ప చెవి రిక్కించి విన్నాడు. నవ్వులు. అయినా ఆశ చావలేదు. ఏడ్చి ఏడ్చి మొహాలు కడుక్కుని వస్తారులే అని సర్దిచెప్పుకున్నాడు.

చివరికి వచ్చారు, అందరూ కలిసి, ముందు జంగడు, చేతిలో గెల నుంచి తుంచిన అరటిపళ్లు.

"మామా, విన్నాం," అన్నాడు జంగడు.

గండప్ప తల వంచాడు. "ఏం చెయ్యనురా. ఒళ్లు అలిసింది." కంటి కొసల్లోంచి ఎవరు ముందు కళ్లనీళ్లు పెట్టుకుంటారా అని చూస్తున్నాడు.

"నిజమే మామా. అలిసిపోయావు."

"ఏంది?"

"మాకూ అట్టానే అనిపించింది. ఇన్నాళ్లూ నీకు కాస్త ఊపిరి తీసుకునే సందు కూడా ఇయ్యలేదు మేము. తప్పు మాదే." జంగడు అరటిపళ్లు ముందు పెట్టాడు. "తిను మామా, మెత్తగా ఉన్నాయి."

బసివి ముక్కు తుడుచుకుంది. గండప్పకు ప్రాణం లేచొచ్చింది. "ఎంత మంచి పెద్దాయన ఉండేవాడు," అంది బసివి పక్కదానితో.

ఉండేవాడట! గండప్ప ఆమె ఎదురుగానే కూర్చుని ఉన్నాడు.

"ఆగండాగండి! నేను దిగుతన్నానని ఎవరన్నారు? అదంతా ఉత్త పుకారు!"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పైనుంచి కాకి రెక్కలు కొట్టుకుంది. "ఖండించాడు! పెద్దాయన ఖండించాడు! ఇంక ఖాయమైనట్టే!"

"ఖాయమేంది నీ మొహం! ఆ మాట పుట్టించింది..." అని గండప్ప ఆగిపోయాడు. పుట్టించింది నేనే అని ఎలా చెప్పడం? మీరు ఏడుస్తారో లేదో చూద్దామని చేశాను అని ఏ నోటితో చెప్పడం? చెబితే పెద్దరికం పోతుంది. చెప్పకపోతే బండ పోతుంది. గండప్ప పెద్దరికమే దాచుకున్నాడు, అది ఎక్కడ కూర్చుంటుందో ఆలోచించకుండా.

జంగడు చెయ్యి అందించాడు. "మెల్లగా దిగు మామా, రాయి జారుద్ది."

తోసేసినా బాగుండేది. కరిచినా బాగుండేది, తిరిగి కరిచేవాడు. ఆ మెత్తటి చెయ్యి పట్టుకుని దిగడంకంటే అవమానం గండప్ప ఎన్నడూ ఎరగడు. కాళ్లు నేలను తాకాయో లేదో, వెనక జంగడు బండెక్కాడు. చేతులన్నీ ఒక్కసారిగా జంగడి ఒంటి మీదికి పోయాయి. బసివి గండప్పను దాటుకుంటూ పోయి చెవి దగ్గర చోటు పట్టింది.

"అంచున ముసలి చింతచెట్టు ఉంది మామా. మంచి నీడ," అన్నాడు జంగడు.

ఆ చెట్టు కిందికి పోయి కూర్చున్నాడు గండప్ప. మధ్యాహ్నానికి వీపు దురద మొదలైంది. సరిగ్గా ఆ చోటే. చెయ్యి పైనుంచి వేశాడు, అందలేదు. కిందనుంచి వేశాడు, అందలేదు. నీళ్లకు పోతున్న బసివి కనిపించింది.

"అమ్మాయ్ బసివీ, ఒక్కసారి ఈ వీపు చూసి పో."

"దర్బారుకు ఆలస్యమైపోద్ది తాతా!"

నిన్న పెద్దాయన. ఇవాళ తాత. ఆ పిలుపుకంటే దురదే నయమనిపించింది.

పొద్దు వాలుతుండగా నక్క కుంటుకుంటూ వచ్చింది. తోక మీద బొచ్చు సగం పీకేసి ఉంది.

"చూశావా పెద్దాయనా ఆ జంగడి విశ్వాసం? బొమికల కుప్ప దగ్గరికి పోతే పదిమందిని ఉసిగొల్పాడు. ఏందయ్యా మన మాట అంటే, 'మామ గుట్టు నా చెవిన వేసినోడివి, నా గుట్టు ఇంకెవరి చెవిన వేస్తావో' అన్నాడు!"

గండప్పకు అప్పుడర్థమైంది నక్క ఎవరి మాట ఎవరికి మోసిందో. కోపం రావాల్సింది. ఎంత వెతుక్కున్నా రాలేదు. నక్క దగ్గరికి జరిగింది.

"పోనీలే. జంగడికి ఒంట్లో బాగాలేదని ఒక మాట వదులుదాం. కాకి చెవిన నేనేస్తా..."

"నా వీపు గోకుతావా?" అన్నాడు గండప్ప.

"ఏంది?"

"వీపు. మధ్యలో. దురదగా ఉంది."

నక్క తన గోళ్ల వంక చూసుకుంది. "ఇవి అందుకు పనికిరావు పెద్దాయనా," అని, ఇంకెవరైనా దిగులుగా ఉన్నారేమో చూసుకోవడానికి వాలు దిగిపోయింది.

చెట్టుకు అవతల పక్క నుంచి ఎవరో దగ్గారు. పోలమ్మ. పొద్దుటినుంచి అక్కడే ఉందన్నమాట. గండప్ప గొంతు సర్దుకున్నాడు.

"పోలక్కా."

ఆమె ఒంటికన్నుతో చూసింది. "అక్కనయ్యానా ఇవాళ? ఏం కావాల?"

"కొంచెం వీపు చూడవా?"

"చూస్తాలే. ముందు నాది చూడు," అని వచ్చి అతనికి వీపు పెట్టి కూర్చుంది.

గండప్ప చేతులెత్తాడు, ఎత్తి అలాగే ఉండిపోయాడు. బండ ఎక్కాక అతను ఒక్కరి పేలూ చూడలేదు. బొటనవేలు ఎక్కడ పెట్టాలో, వెంట్రుక ఎటు తీయాలో వేళ్లు మర్చిపోయాయి. తడుముకుంటూ బొచ్చు పాయ తీశాడు. రెండు భుజాల మధ్య బొచ్చే లేదు. అరచేతి వెడల్పున చర్మం కాయ కాసి, గట్టిపడి, నల్లగా ఉంది.

"ఇదేంది పోలక్కా?"

"ఏముంది. చెయ్యి అందదుగా. చెట్టుకేసి రుద్దుకునేదాన్ని."

గండప్ప ఆ కాయ చుట్టూ వేళ్లు మెల్లగా తిప్పాడు. ఒక పేను దొరికింది. మరొకటి. పోలమ్మ కన్ను మూసుకుంది. రోజు మొత్తంలో గండప్ప దురద మర్చిపోయింది ఆ కాసేపే.

అంతలో తోపు మధ్యనుంచి పిలుపు వినిపించింది. జంగడి గొంతు. పోలమ్మ లేచింది.

"యాడికి? నాది చూస్తానన్నావుగా!"

"కొత్త పెద్ద అందర్నీ పిలిచాడు గండప్పా. ముసలోళ్లను కూడా బండ దగ్గరికి రమ్మన్నాడు. పోకపోతే రేపు నాకు కాయా పండూ ఎవరు పెడతారు?"

"అంతా కొత్త మోజు అక్కా. నాలుగు రోజులు పిలుస్తాడు, ఆ తర్వాత..."

"తెలుసులే. కొత్తలో నువ్వూ పిలిచావు," అంది పోలమ్మ. కోపంగా అనలేదు. అలవాటైపోయిన మాటలాగా అని, కొమ్మ పట్టుకుని మెల్లగా వెళ్లిపోయింది.

గండప్ప ఆమె పోయిన వైపే చూస్తూ కూర్చున్నాడు. తోపు మధ్యలో నవ్వులు, అరుపులు, ఒకరి ఒళ్లు ఒకరు చూసుకుంటున్న సందడి. అంచున అతనొక్కడు. దురద తిరిగొచ్చింది. లేచి చింతచెట్టు మొదట్లో చెయ్యి పెట్టి తడిమాడు. నున్నగా అరిగిన ఆ చోటు సరిగ్గా కూర్చున్న కోతి వీపు ఎత్తున ఉంది. పందులు కావు. ఎన్ని ఏళ్లు రుద్దితే బెరడు అంత నునుపు తేలుతుందో!

అతను వెనక్కి తిరిగి, ఆ నున్నటి చోటికి వీపు ఆనించి, పైకీ కిందికీ రుద్దుకోవడం మొదలుపెట్టాడు.

తన వెనక ఎవరున్నారో తెలుసుకోవడానికి పుకారు పుట్టించనక్కర్లేదు; వాళ్ల వీపు తానెప్పుడైనా చూశాడా అని తనను తానే అడిగితే చాలు.