నలుపు అర ఓబులమ్మ

అనగనగా, మనుషులు విమానమెక్కి నేలకు ఫొటోలు తీయడం అప్పుడప్పుడే నేర్చుకున్న కాలం. ఎన్నేళ్ల కిందటో నన్నడక్కండి, మా తాతకే తెలియదు. ఆ ఫొటోల్లో చెరువేదో చేనేదో పోల్చుకోవడం ఎలాగని నానా దేశాల పండితులు రాసిన వ్యాసాలన్నీ ఒక గ్రంథాలయానికి చేరేవి. అక్కడ దుమ్ము దులిపే మనిషి ఓబులమ్మ.

వ్యాసాలన్నీ రాసినవాళ్ల పేర్ల వరసలో ఉండేవి. వచ్చినవాళ్లేమో ఫొటోలో కనపడే నల్లమచ్చ గురించి ఉందా, తెల్లచార గురించి ఉందా అని అడిగేవారు. పొద్దంతా వెతికేవారు, ఉత్తచేతులతో పోయేవారు. మళ్లీ వచ్చేవారు, మళ్లీ వెతికేవారు, మళ్లీ ఉత్తచేతులతో పోయేవారు. చూసి చూసి ఓబులమ్మకు ఒళ్లు మండింది.

గ్రంథాలయం పెద్ద తిరువేంగళయ్య దగ్గరికి పోయి, కంటికి కనపడేదాన్ని బట్టి సర్దుదామంది. ఆయన నవ్వాడు. అంత గొప్పవాళ్ల పేర్లు వెనక్కి నెడతావా అన్నాడు.

"అయ్యా, వచ్చేటోళ్లకు పేర్లు తెలీవు. కండ్లకు కనపడిందే తెలుసు" అంది ఓబులమ్మ.

ఆయన సరే చూద్దామని ఒక గోడ ఇచ్చాడు. ఆమె మూడు అరలు పెట్టింది. నల్లగా కనపడేవాటికి ఒకటి, తెల్లగా కనపడేవాటికి ఒకటి, గీతల్లా కనపడేవాటికి ఒకటి. ఆమెకు చదువు రాదు. ఆయన చదివి చెప్పేవాడు, ఆమె సర్దేది. అలా ఏళ్లు గడిచాయి.

ఇంతలో కరువొచ్చింది. ఎర్రమిట్ట అనే ఊళ్లో బావులన్నీ ఎండాయి. ఆ ఊరి రైతు సుంకన్న విమానంలోంచి తీసిన తమ పొలాల ఫొటో చంకలో పెట్టుకొచ్చాడు. అందులో మూడు నల్లమచ్చలున్నాయి.

"అమ్మా, ఇంగొక్క బావి తవ్వే సత్తువే ఉండాది మాకు. అదీ తప్పితే ఊరు ఇడిసి పోవాల్సిందే. యాడ తవ్వాల?" అన్నాడు.

ఓబులమ్మకు జవాబు తెలియదు. నలుపు అర తెలుసు. విన్నది గుర్తుపెట్టుకుని అందులోంచి మూడు వ్యాసాలు తీసింది. ఒకరినొకరు ఎరగని ముగ్గురు రాసినవి. తిరువేంగళయ్య చదివాడు. పొద్దుతో పాటు జరిగే నలుపు నీడ అని ఒకరు రాశారు. వానకు కొట్టుకుపోయే నలుపు బూడిద అని ఇంకొకరు. ఎండాకాలంలోనూ చెదరని నలుపు కింద తడి ఉండొచ్చని మూడోవారు.

అవే పొలాలకు వేరే వేళల్లో, వేరే కాలాల్లో తీసిన ఫొటోలు తెప్పించి పక్కపక్కన పెట్టారు. ఒక మచ్చ జరిగింది. ఒకటి మాయమైంది. ఒకటి అక్కడే ఉంది.

ఎర్రమిట్టవాళ్లు అక్కడే తవ్వారు. మన్ను వచ్చింది, రాయి వచ్చింది, నీళ్లు వచ్చాయి. ఊరు నిలిచింది.

కొన్నేళ్లకు ఓబులమ్మ చనిపోయిందని తెలిసి ఎర్రమిట్ట ఊరంతా నడిచి వచ్చింది. తిరువేంగళయ్య కన్నీళ్లు తుడుచుకుని, మిగిలిన గోడలన్నీ ఆమె పద్ధతిలోనే సర్దించాడు. సంతకం పెట్టడం రాని మనిషి పెట్టిన పద్ధతి అది. చెప్పుకుంటే నా గుండె ఇప్పటికీ ఉప్పొంగుతుంది.

ఈనాటికీ అక్కడికి వ్యాసం పంపే పండితులు, అందులో కంటికి కనపడేదేమిటో ముందు రాసి, తమ పేరు దాని కింద రాస్తారు. ఎంత పెద్దవాళ్లయినా సరే, కిందే రాస్తారు.