కనుమ మలుపులో పలక

ఒక రాజ్యంలో దివాను కనుమ మలుపు దగ్గర "ఆపు, ముందు లోయ" అని రాజభాషలో పలక పెట్టించాడు. బండోళ్లకు అది చదవరాక మూడు బళ్లు లోయలో పడ్డాయి. ఒకటి గవరమ్మ మొగుడిది. అతను పోయాక ఆమే ఇంకో బండి తోలుతోంది.

"బండోళ్లంతా నెలలో రాజభాష నేర్చుకోవాలి. రాకపోతే బండి లాక్కుంటా" అన్నాడు దివాను.

నెల తిరిగాక పరీక్షకని దివాను గవరమ్మ బండి ఎక్కాడు. మలుపు వచ్చినా ఆమె ఎద్దుల్ని ఆపలేదు.

"ఆపవే! చస్తాం, ఆపు!" అని తెలుగులోనే అరిచాడు దివాను.

గవరమ్మ పగ్గాలు లాగింది. చక్రం అంచున ఆగింది.

"పలక చదవలేదేం?"

"చదువుతూనే ఉన్నా బాబూ. అక్షరాలు కూడబలుక్కునేలోగా లోయ వచ్చేసింది. మరి తమరు రాజభాషలో అరవలేదేం? పలక మీద ఇప్పుడు తమరన్న మాటే ఉంటే నా మొగుడికీ సరిపోయేది."

దివాను చెమట తుడుచుకుని, పలక తెలుగులో రాయమన్నాడు. బండి జోలికి పోలేదు. గవరమ్మ లోయలోకి ఒకసారి చూసి, ఎద్దుల్ని వెనక్కి తిప్పింది.