మొదటి ముద్దకు రుచి తెలియదు

వెనకటి రోజుల్లో తుంగవరం అని చిన్న రాజ్యం ఒకటి ఉండేది. దాన్ని ధర్మకేతు మహారాజు ఏలేవాడు. రాజన్నవాడికి ఏదో ఒక గర్వం ఉంటుంది. ఒకడికి కత్తి మీద, ఒకడికి కవిత్వం మీద. ధర్మకేతుకు ఇంటి పనుల మీద. వంటిల్లు, గాదె, పెరడు తనకు తెలిసినట్టు ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియవని ఆయన నమ్మకం.

చిన్నప్పుడే తల్లి పోతే ఆయన అంతఃపురం వంటశాలలో ముసలి దాసీల మధ్య పెరిగాడు. వాళ్ళ నోట విన్నవన్నీ గుర్తు పెట్టుకుని, పట్టాభిషేకం అయ్యాక 'గృహచింతామణి' అని ఒక గ్రంథం రాయించి, దాని మీద తన పేరు రాయించుకున్నాడు. బియ్యం కుండలో వేపరెమ్మలు వేస్తే పురుగు పట్టదు. కందిపప్పుకు కాస్త ఆముదం పట్టించి ఎండబెడితే ఏడాది నిలుస్తుంది. పులుసులో ఉప్పెక్కువైతే బియ్యప్పిండి ముద్ద వేసి మరగనిస్తే అది ఉప్పును పీల్చుకుంటుంది. ఇత్తడి బిందెకు చింతపండు, పట్టుబట్టకు కుంకుడు రసం, దోమలకు వేపాకు పొగ. ఇలాంటివి. సంత రోజున దండోరా వేయించి ఒక్కో చిట్కా ఊరంతా చాటించేవాడు.

చిట్కాలు మంచివే. పంటలు పండిన రోజుల్లో ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చెవి ఒగ్గి వినేవారు. కొత్త కాపురం పెట్టిన పిల్లలకు వాటివల్ల ఎంతో మేలు జరిగింది. ఆ మాట కాదనకూడదు.

తర్వాత వానలు తప్పాయి. ఒక ఏడు తప్పితే జనం ఓర్చుకున్నారు. మరుసటి ఏడూ తప్పేసరికి విత్తనాల కోసం దాచిన గింజలు తిన్నారు. ఆ పైన తినడానికి ఏమీ లేదు. కోటలో గాదెలు మాత్రం నిండుగా ఉన్నాయి. శత్రువులు ముట్టడిస్తే పనికొస్తాయని వాటికి తాళాలు వేసి ఉంచారు. ఏ శత్రువు అని అడిగినవాడు లేడు.

జనం ఆకలితో ఉన్నారని మంత్రి ఒకసారి భయపడుతూ చెప్పాడు. రాజు ఒప్పుకోలేదు. పంట తగ్గిన మాట నిజమే గానీ, అసలు లోపం ఇళ్ళలో ఉందన్నాడు. ఆడవాళ్ళు జాగ్రత్త లేక గింజలకు పురుగు పట్టిస్తున్నారు, కూరలు మాడబెడుతున్నారు, మిగిలింది పులియబెట్టి పారేస్తున్నారు, తన గ్రంథం ప్రకారం నడిస్తే గుప్పెడు గింజలతో ఇల్లు గడుస్తుంది అన్నాడు. దండోరా వారానికి ఒకసారి కాదు, రోజూ వేయమన్నాడు. అలా తుంగవరంలో దండోరా వాళ్ళు గింజ లేని ఇళ్ళ ముందు నిలబడి, గింజలు దాచుకునే పద్ధతి చెప్పి పోయేవారు.

ఆ రాజు కొలువులో చెన్నమల్లు అనే విదూషకుడు ఉండేవాడు. ఎలాంటి మాటకైనా చటుక్కున బదులు చెప్పి నవ్వించడం అతని పని. అతనికి పెళ్ళాం పిల్లలు లేరు. వీరక్క అని ఒక అక్క ఉంది. ఆమె కోట బయట సాలెపేటలో ఉండేది. మగ్గం సాగని రోజుల్లో ఆమె మొగుడు నేసిన బట్టలు మూట కట్టుకుని తూర్పు దేశం వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఇంట్లో వీరక్క, ఆమె అత్త బసమ్మ మిగిలారు.

చెన్నమల్లుకు రెండు పూటలా కోటలోనే భోజనం. విస్తరి ముందు కూర్చుంటే అతనికి ముద్ద దిగేది కాదు. తన వంతు అన్నం అక్కకు పట్టుకుపోదామంటే దానికీ ఒక ఆజ్ఞ అడ్డం. వండిన అన్నం గడప దాటితే పాడవుతుందని గ్రంథంలో ఉంది. కనుక కోటలో వండిన మెతుకు కోట దాటకూడదు. అతను అన్నాన్ని ఆకులో చుట్టి తలపాగాలో పెట్టుకుని పోవడం మొదలుపెట్టాడు. దాంతోనే అత్తాకోడళ్ళు కొన్నాళ్ళు ప్రాణాలు నిలుపుకున్నారు.

ఒకనాడు మధ్యాహ్నం ద్వారం దగ్గర భటుడికి అనుమానం వచ్చింది. తలపాగా విప్పించాడు. ఆకు జారి అన్నం నేల మీద పడింది. అతన్ని అలాగే, విప్పిన తలపాగా చేతిలో పట్టించి, రాజు ముందు నిలబెట్టారు.

రాజు కళ్ళు ఎర్రజేసి ఇదేమిటని అడిగాడు. నిజం చెబితే అక్క మీదికి వస్తుంది. ఆ కంగారులో చెన్నమల్లు నోరు దాని అలవాటు ప్రకారం అది మాట్లాడేసింది.

"ప్రభూ, నా తలలో ఏమీ లేదని మీరు రోజూ అంటారు కదా. కొంచెం నింపుకుందామని చూశాను."

సభ పగలబడి నవ్వింది. రాజు కడుపు పట్టుకుని నవ్వి, క్షమించానన్నాడు. కింద పడ్డ అన్నాన్ని ఊడ్చి కాకులకు వేశారు. ఆ రోజు నుంచి ద్వారం దగ్గర అతని తలపాగా విప్పి చూడటం భటులకు ఒక వినోదమైంది.

ఆ వారం తిరక్కుండానే బసమ్మ చనిపోయింది. కోడలికి మిగలాలని తన వంతు పక్కకు జరుపుతూ వచ్చిందని, అది తనకు తెలియలేదని వీరక్క చెప్పింది. పాడె మోయడానికి మనుషులు దొరకడం కష్టమైంది. ఉన్న మగవాళ్ళకు భుజాల్లో బలం లేదు. నలుగురు మోసే పాడెను ఆరుగురు పట్టుకుని, ఆగి ఆగి తీసుకుపోయారు.

అంతా అయ్యాక అక్కాతమ్ముళ్ళు అరుగు మీద కూర్చున్నారు. వీరక్క అడిగింది.

"మల్లూ, నువ్వు మాట్లాడితే రాజు నవ్వుతాడంటారే. మరి వింటాడా?"

"నవ్వుతాడక్కా. వినడు."

చెన్నమల్లు తల వంచుకుని కోటకు తిరిగి వెళ్ళాడు. తన తెలివి మీద అతనికి అసహ్యం పుట్టింది. ఒక్క ముసలిదానికి గుప్పెడు మెతుకులు దాటించలేని తెలివి ఎందుకు? ఆ రోజు కొలువులో అతను ఏం చెప్పాడో అతనికే గుర్తు లేదు. అందరూ నవ్వారు కనుక ఏదో చెప్పే ఉంటాడు.

ఇంతలో రాజుకు ఒక ఆలోచన వచ్చింది. తన చిట్కాలు జనం ఎంతవరకు పాటిస్తున్నారో స్వయంగా చూస్తానన్నాడు. ఏ ఇంట వంటిల్లు గ్రంథం ప్రకారం ఉంటుందో ఆ ఇల్లాలికి పట్టుచీర, గృహలక్ష్మి అని బిరుదు ఇస్తానని చాటించాడు. మొదట సాలెపేటకు బయలుదేరాడు. వెంట మంత్రి, పండితులు, భటులు, చెన్నమల్లు.

ఏ ఇంట్లోకి వెళ్ళినా రాజు ముఖం వికసించింది. గిన్నెలకు మసి లేదు. పొయ్యి చుట్టూ బూడిద లేదు. మూల మూలా వెతికినా ఒక్క చీమ కనబడలేదు. పులిసిన వాసన లేదు, మాడిన వాసన లేదు. మూడేళ్ళ కిందట ఈ పేటలో ఈగలు ముసిరేవి, ఇప్పుడు చూడండి అని రాజు పండితులతో అన్నాడు. వాళ్ళు తలలూపారు. గుమ్మాల దగ్గర ఆడవాళ్ళు నిలబడ్డారు. నిలబడటానికే వాళ్ళకు గోడ ఆసరా కావలసి వచ్చింది.

వీరక్క ఇంట్లో రాజు మరీ మురిసిపోయాడు. ఇత్తడి చెంబు మెరుస్తోంది. ఉట్టి మీద కుండలు బోర్లించి ఉన్నాయి. మూలనున్న బియ్యం కుండ మూత తీస్తే లోపల వేపరెమ్మలు పచ్చగా ఉన్నాయి. రాజు ఇల్లాలిని మెచ్చుకుని, గింజ ఎంత బాగా నిలిచిందో చూద్దామని చెయ్యి లోపల పెట్టాడు. మోచేతి దాకా పెట్టాడు. చేతికి ఆకులే తగిలాయి.

"బియ్యమేవి?" అన్నాడు.

వీరక్క తమ్ముడి వంక చూసింది. చెన్నమల్లు ముందుకొచ్చాడు.

"ప్రభూ, పురుగు పట్టకుండా వేపాకు వేయమని మీ గ్రంథంలో ఉంది. ఆమె వేసింది. బియ్యం వేయమని ఎక్కడా రాయలేదు."

అతను నవ్వించాలని ఆ మాట అనలేదు. గొంతులో ఏడుపు కూడా ఉంది. కానీ పలికిన నోరు విదూషకుడిది. రాజు ఒక్క క్షణం అతని వంక చూసి ఫక్కున నవ్వాడు. వెనక ఉన్నవాళ్ళంతా నవ్వారు. అత్త పోయిన ఇంట్లో, ఖాళీ కుండ చుట్టూ అంతమంది నవ్వుతుంటే వీరక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

నిజం సూటిగా చెప్పినా ఈయన చెవికి చేరదని చెన్నమల్లుకు అప్పుడు పూర్తిగా తెలిసింది. ఇక ఈయన చెవితో పని లేదు, ఈయన గర్వంతోనే పని అనుకున్నాడు. చేతులు జోడించాడు.

"మహారాజా, పట్టుచీర ఈమెకే ఇవ్వండి. కానీ ఒక్క చోటు చూడకుండా తీర్పు చెబితే లోకం తప్పు పడుతుంది. ఈ రాజ్యానికంతటికీ పెద్ద ఇల్లు మీది. మీ గాదెలు గ్రంథం ప్రకారం ఉన్నాయా అని రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?"

రాజుకు రోషం వచ్చింది. తన గాదెలకేం, నిక్షేపంలా ఉన్నాయన్నాడు. చెన్నమల్లు ఎంతో వినయంగా గ్రంథంలోని అధ్యాయాన్ని అప్పజెప్పాడు. గాదె అడుగు ఏటా చూడాలి. గింజను బయట పోసి ఎండబెట్టాలి, చెరగాలి. ప్రతి గంపలోంచీ తీసి దంచి, వండి, తిని చూడాలి. తినకుండా గింజ గుణం తెలియదు.

"ఇది మీరు రాసిందే కదా ప్రభూ?"

రాజు తను రాసింది కాదనలేకపోయాడు. పేటంతా చూస్తోంది. గాదెలు రేపే తెరవమన్నాడు. కోటలో అంత గింజ ఆరబోయడానికి చోటు చాలదని మంత్రి మెల్లగా అన్నాడు. ఆ మంత్రికీ విషయం అర్థమైనట్టుంది. అయితే వీధుల్లో పోయిద్దాం, ఎవరి వాకిట పోసింది వాళ్ళే కాపలా కాచి, చెరిగి, వండి చూసి చెబుతారు అని చెన్నమల్లు అందుకున్నాడు. తన గాదెల గొప్ప జనం నోట వినబోతున్నానని రాజు సంతోషంగా సరేనన్నాడు.

మర్నాడు బండ్లు కదిలాయి. సాలెపేటలో, కుమ్మరివీధిలో, చర్మకారుల వాడలో ప్రతి వాకిట జొన్నలు, వడ్లు రాశులుగా పోశారు. జనం మొదట దగ్గరికి రాలేదు. ఇదేదో కొత్త శిక్ష అనుకున్నారు. తినమని రాజాజ్ఞ అని భటులు గట్టిగా చెప్పాక ఒక ముసలాయన వంగి గుప్పెడు తీసుకుని, పచ్చి గింజలే నోట్లో పోసుకున్నాడు. చెన్నమల్లు పరుగెత్తి, తాతా, మెల్లగా, మొదట జావ కాచి తాగు అంటూ ఇల్లిల్లూ తిరిగాడు. చాలా ఇళ్ళలో అతనికి బదులు పలికేవారు లేరు. తలుపు తోసి చూసి, మళ్ళీ దగ్గరగా వేసి వచ్చేవాడు.

కొన్నాళ్ళు పోయాక రాజు నిండు సభలో అడిగాడు. పరీక్ష అయిందా, గింజ ఎలా ఉందన్నారు, మిగిలింది ఎప్పుడు తిరిగి వస్తుంది అని.

చెన్నమల్లు లేచి నిలబడ్డాడు.

"ఇంకా అవలేదు ప్రభూ. మెతుకు పట్టి చూస్తే అన్నం ఉడికిందో లేదో తెలుస్తుంది గానీ రుచి తెలియదు. ఆకలిగొన్నవాడికి మొదటి ముద్ద ఆకలికే పోతుంది. దానికి రుచి తెలియదు. కడుపు నిండాక తినే ముద్దే గింజ గుణం చెబుతుంది. వాళ్ళు ఇంకా మొదటి ముద్ద దగ్గరే ఉన్నారు."

"ఆఖరి ముద్ద ఎప్పుడు తింటారు?"

"వాన పడ్డాక."

రాజు మొహంలో రంగు మారింది. తన గాదెలు ఎటు పోయాయో, ఎవరి మాట పట్టుకుని పోయాయో ఆయనకు అప్పుడు అర్థమైంది. కోపం తెచ్చుకుంటే, తను రాసింది తప్పని అందరి ముందూ ఒప్పుకోవాలి. అది ఆయన వల్ల కాలేదు. కాసేపు సింహాసనం చేతిని వేళ్ళతో తట్టాడు. తర్వాత నవ్వాడు. సింహాసనం కదిలేలా నవ్వాడు. నన్ను నా పుస్తకంతోనే కట్టేశావురా అన్నాడు. గింజ జనం దగ్గరే ఉండనివ్వమని ఆజ్ఞ ఇచ్చి, మెడలోని ముత్యాల హారం తీసి చెన్నమల్లు మెడలో వేశాడు. ఇంకా ఏం కావాలో కోరుకోమన్నాడు.

సాలెపేటలో మూసి ఉన్న తలుపులు చెన్నమల్లు కళ్ళ ముందు ఆడాయి. ఇదే ఉపాయం బసమ్మ ఉండగా తట్టి ఉంటే అనిపించింది.

"ప్రభూ, నన్ను ఈ కొలువు నుంచి విడిపించండి. ఇక నా వల్ల కాదు" అన్నాడు.

అతని కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. రాజు అదీ ఒక చమత్కారమే అనుకుని మళ్ళీ నవ్వాడు. రాజు నవ్వాడు కనుక సభ అంతా నవ్వింది.

మర్నాడు పొద్దున చెన్నమల్లు కొలువుకు వచ్చాడు.